పరిశోధనకు ఇస్తామంటే తీసుకునే దారి లేదు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్యాధికారులకు, డాక్టర్లకు, కంపెనీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, డాక్టర్లకు, మన రెండు జిల్లాల్లో పరిశ్రమలు నడుపుతున్న యాజమాన్యాల వారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా, కోవూరు దగ్గర పల్లె. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. మా ఆయన రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాస్తారు. మా అత్తగారు, మా పెద్దబ్బాయి మాతోనే ఉంటారు. మా పాప 2023 సెప్టెంబర్‌లో, ఎనిమిదో ఏట, మెదడులో గడ్డ వచ్చి చనిపోయింది. మరుసటి ఏడాది జూన్ 8న, ప్రపంచ బ్రెయిన్ ట్యూమర్ దినం నాడు, మా ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ జబ్బు మీద పరిశోధనకు విరాళాలు పోగు చేద్దామని అనుకున్నాం. అప్పటినుంచి 9 అర్జీలు ఇచ్చాం, కంపెనీలకు 14 ఉత్తరాలు రాశాం. మేం అడిగిందేమిటో చదివి ఇచ్చిన జవాబు ఒక్కటి కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మేం ఏం అడుగుతున్నామో అర్థం కాదు.

2022 అక్టోబర్‌లో దసరా సెలవులు అయ్యాక పాప కాపీ రైటింగ్ పుస్తకం నేనే దిద్దాను. నాలుగు గీతల పుస్తకం. అంతకుముందు అచ్చు గుద్దినట్టు రాసేది. ఆ వారం మాత్రం ప్రతి వరసా గీత మీదే మొదలై, పేజీ కుడివైపుకి వచ్చేసరికి కింది వరసలోకి జారిపోయి ఉంది. మూడు పేజీలూ అంతే. ఎర్ర పెన్నుతో "శ్రద్ధగా రాయి" అని రాశాను. "అమ్మా, గీతలు రెండు రెండుగా కనపడతా ఉండాయి" అని పాప చెప్పింది. ఫోన్ చూడటం ఎక్కువైందని కోప్పడ్డాను. పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది.

తర్వాత ఎడమ కన్ను ముక్కు వైపుకి తిరగడం మొదలైంది. అద్దాలు రాశారు, పెట్టించాం. పొద్దున్నే లేవగానే వాంతి అయ్యేది, గ్యాస్ అని సిరప్ ఇచ్చారు. మెట్లు దిగేటప్పుడు తూలుతుంటే మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పిల్ల మీద ప్రేమ లేక ఎవరూ ఏదీ చెయ్యలేదు. ఏడో వారంలో ఎంఆర్‌ఐ తీస్తే డీఐపీజీ అని తేలింది.

డీఐపీజీ అంటే మెదడు వెన్నుపాములోకి దిగే చోట, పాన్స్ అనే భాగంలో వచ్చే గడ్డ. ఎక్కువగా 5 నుంచి 10 ఏళ్ల మధ్య పిల్లలకు వస్తుంది. కళ్లు తిప్పడం, మింగడం, ముఖం కదలడం, ఊపిరి పీల్చడం, ఇవన్నీ నడిపించే నరాలు ఆ బొటనవేలంత జాగాలోంచే పోతాయి. గడ్డ విడిగా ముద్దగా ఉండదు. ఇడ్లీ పిండిలో ఉప్పు కలిసినట్టు మంచి కణాల్లో కలిసిపోతుంది, కాబట్టి కోసి తీయడం కుదరదు. రక్తంలోంచి మెదడులోకి కొత్త పదార్థాలు పోకుండా శరీరం కట్టుకున్న కంచె ఒకటి ఉంటుంది. అది మంచికే ఉన్నా, కీమో మందుల్ని కూడా ఆపేస్తుంది. మిగిలింది రేడియేషన్. ఆరు వారాల పాటు 30 సిట్టింగులు. అది అయ్యాక కొన్ని నెలలు బిడ్డ కోలుకున్నట్టే ఉంటుంది. మా పాప కూడా సంక్రాంతికి ముగ్గు వేసింది, కన్ను సరిగ్గా నిలబడింది. తర్వాత గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సగం మంది జబ్బు తేలిన 9 నుంచి 12 నెలల్లోపే పోతారు. రెండేళ్లు దాటేవాళ్లు నూటికి పది మంది కూడా ఉండరు. మా పాప దాదాపు పది నెలలు ఉంది.

ఆ పది నెలల్లో నేను ఎన్నో చదివాను. అందులో ఒక్కటి నన్ను నిద్రపోనివ్వలేదు. చంద్రుడి మీద మొదట అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి కారెన్ అని ఒక కూతురు ఉండేది. ఇదే జబ్బుతో 1962 జనవరిలో, మూడేళ్లు కూడా నిండకుండా పోయింది. ఆ పాపకి ఇచ్చింది రేడియేషన్. అరవై ఏళ్ల తర్వాత మా పాపకి ఇచ్చిందీ రేడియేషనే. మిషన్లు మారాయి, మత్తు ఇచ్చే పద్ధతులు మారాయి, డాక్టర్లు పడే కష్టం నేను కళ్లారా చూశాను. కానీ తండ్రికి చెప్పే మాట మాత్రం మారలేదు.

ఆ మాట మార్చాలంటే పరిశోధన జరగాలి. మేం విరాళాలు పోగు చేస్తున్నది అందుకే.

ఇక మా ఫిర్యాదు. పరిశోధనకు రెండే కావాలి, గడ్డ నమూనాలు, డబ్బు. మేం రెండూ ఇవ్వడానికి సిద్ధపడ్డాం. మన జిల్లాలో రెంటికీ దారి లేదు.

గడ్డ సంగతి ముందు చెబుతాను. పాప పోవడానికి నెల ముందే, ఇక లాభం లేదని తెలిశాక, నేనూ మా ఆయనా ఒక నిర్ణయానికొచ్చాం. బిడ్డను తీసుకుపోయే ఆ గడ్డ కనీసం ఇంకో బిడ్డకు పనికిరావాలని. అది మాట్లాడుకోవడానికి మాకు నాలుగు రాత్రులు పట్టింది. మా అత్తగారికి చెప్పడానికి ఇంకో మూడు రోజులు. ఆమె ఏడ్చి, "బిడ్డను కోస్తారా" అని అడిగి, తర్వాత తానే వచ్చి "సరే, చెయ్యండి నాయనా" అంది. అంత దూరం వచ్చాక ఒక ఆస్పత్రికి వెళ్లి అడిగితే, "అలాంటి పద్ధతి ఇక్కడ లేదమ్మా" అన్నారు. ఇంకో చోట అడిగితే ఏం అడుగుతున్నామో అర్థం కాక మా ముఖం చూశారు. పాప తెల్లవారుజామున ఇంట్లోనే పోయింది. గడ్డ పాపతోనే పోయింది.

కళ్లు దానం చేస్తామంటే ఫోన్ చేస్తే చాలు, ఆరు గంటల్లోపు ఇంటికొచ్చి తీసుకుంటారు. అవయవాల దానానికి ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ ఉంది. ఆ వ్యవస్థలు ఒకప్పుడు లేవు, ఎవరో కూర్చుని కట్టారు. గడ్డ దానానికి అలాంటిది ఎందుకు ఉండకూడదు?

ఇది గొంతెమ్మ కోరిక కాదు. డీఐపీజీ గురించి ప్రపంచానికి ఈరోజు తెలిసినదాంట్లో చాలా భాగం, పిల్లలు పోయాక తల్లిదండ్రులు ఇచ్చిన గడ్డల వల్లే తెలిసింది. మెదడులో అంత నాజూకైన చోట నుంచి ముక్క తీయడం ప్రమాదమని ఎన్నో ఏళ్ల పాటు డాక్టర్లు బయాప్సీ చేసేవాళ్లు కాదు. ఆ తల్లిదండ్రులు ఇచ్చినవాటిని కూడా పరీక్షించాకే, ఈ పిల్లల్లో ఎక్కువమందికి హెచ్3 అనే ప్రొటీన్ జన్యువులో ఒకే రకమైన మార్పు ఉందని 2012లో బయటపడింది. దాన్ని బట్టే 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గడ్డలకు పేరే మార్చింది. 2025 ఆగస్టులో, ఆ మార్పు ఉన్న గడ్డలు మళ్లీ పెరిగినప్పుడు వాడటానికి డోర్డావిప్రోన్ అనే మందును అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. అది నయం చేసే మందు కాదు, కొద్దిమందిలోనే పనిచేసింది. అయినా ఎన్నో దశాబ్దాల తర్వాత రేడియేషన్ కాకుండా ఇంకొకటి చెప్పడానికి దొరికింది. ఆ గడ్డలు ఇచ్చిన తల్లులెవరో నాకు తెలియదు. వాళ్లకు దారి దొరికింది, నాకు దొరకలేదు, అంతే తేడా.

ఇక డబ్బు సంగతి.

మొదట మా ఆయన ఒక నెల జీతం వేశారు. మా స్కూల్ టీచర్లు, మా ఆయన పదో తరగతి బ్యాచ్, కోవూరు ఆటో స్టాండ్ వాళ్లు, అల్లూరు వైపు రొయ్యల రైతులు ఇచ్చారు. మా పెద్దబ్బాయి పుట్టినరోజుకి కేక్ వద్దని ఆ డబ్బు హుండీలో వేశాడు. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర హుండీ పెట్టుకుని నిలబడ్డాం. పాప బతికుండగా, 2023లో, అక్కడే నేను నీళ్లలో దిగి ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి రొట్టె ఇవ్వాలి. 2024లో నేను రొట్టె లేకుండా, హుండీతో వెళ్లాను. గట్టు మీద ఒక ముస్లిం తల్లి నా పక్కన కూర్చుని సంగతంతా విని, చేతిలో ఉన్న రొట్టెలో సగం తుంచి నాకిచ్చి, కొంగుముడి విప్పి 20 రూపాయలు వేసింది. మా లెక్కల పుస్తకంలో ఆ పద్దు "రొట్టెల పండగ, అమ్మ, 20" అని ఉంది. పేరు చెప్పమంటే వద్దంది.

ఇప్పటిదాకా 6,38,450 రూపాయలు వచ్చాయి. అందులో 5,00,000 రెండు డీడీలుగా తీసి ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థకు పంపాం, రసీదులున్నాయి. మిగిలింది బ్యాంకులో ఉంది. ప్రయాణాలకు, కరపత్రాలకు అయ్యే ఖర్చు మా సొంతం, విరాళాల్లోంచి టీ తాగిన లెక్క కూడా ఉండదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, "పోయిన బిడ్డ పేరు చెప్పి వసూళ్లు చేస్తున్నారు" అన్న మాట మా చెవిన పడింది. అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పేరుతో మోసాలు జరిగాయి కాబట్టే జనానికి అనుమానం వస్తుంది. లెక్కల పుస్తకం ఎవరైనా చూడొచ్చు.

మేం ఇచ్చిన అర్జీల్లో ఒకదానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. గడ్డ దానానికి ఏర్పాటు చెయ్యండి, స్కూళ్లలో ఈ జబ్బు లక్షణాల గురించి చెప్పించండి అని మేం అడిగాం. పరిష్కారం ఏమిటో చూద్దామని ఆ ఆఫీసుకి వెళ్తే కాగితం చూపించారు. "అర్జీదారు కుమార్తెకు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్స పొందవచ్చునని తెలియజేయడమైనది" అని రాసి ఉంది. అప్పటికి పాప పోయి పద్నాలుగు నెలలు. అర్జీ మొదటి లైన్లోనే ఆ సంగతి రాశాం. ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఉద్యోగి చెడ్డవాడని నేను అనుకోను. రోజుకి ఎన్ని అర్జీలు చూస్తాడో నాకు తెలుసు, నేనూ ప్రభుత్వ ఉద్యోగినే. కానీ ఆ రోజు బస్సులో ఇంటికొచ్చేటప్పుడు మా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఒక కంపెనీలో మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు. "అంబులెన్స్ అడగండమ్మా, ఆలోచిస్తాం. రీసెర్చ్ అనేది సీఎస్‌ఆర్ కిందికి రాదు" అన్నారు. సీఎస్‌ఆర్ అంటే కంపెనీలు తమ లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. వాళ్లు చెప్పింది నిజం కాదు. కింద వివరంగా రాశాను.

దీనివల్ల మామూలు కుటుంబాల మీద పడే బరువు ఏమిటో ముందు చూడండి.

1. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో బ్లడ్ క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది మెదడు గడ్డలే. ఇది ఎక్కడో ఒకరికి వచ్చే వింత జబ్బు అనుకోవద్దు. మేం హుండీ పట్టుకుని తిరిగిన చోట్లే, ఒంగోలులో ఒకరు, కావలిలో ఇద్దరు, పొదిలి దగ్గర ఒకరు, "మా ఇంట్లో కూడా" అని మా దగ్గరకొచ్చి చెప్పారు. మన జిల్లాలో ఏటా ఎంతమంది పిల్లలకు వస్తోందని అడిగితే మాకు ఎవరూ చెప్పలేకపోయారు. లెక్క లేని జబ్బుకి బడ్జెట్ ఎక్కడి నుంచి వస్తుంది?

2. ఆపరేషన్‌కి, రేడియేషన్‌కి ప్రభుత్వ పథకం సాయం కొంత ఉంది, కాదనను. కానీ రేడియేషన్ ఆరు వారాలు చెన్నైలోనో వేలూరులోనో గది తీసుకుని ఉండాలి. ఒకరు ఉద్యోగం మానుకోవాలి. మాకు ఎకరంన్నర వరి పొలం ఉండేది, అమ్మేశాం. మా పెద్దబ్బాయి ఆ ఏడాది తొమ్మిదో తరగతి, ఆరు వారాలు మేనమామ ఇంట్లో ఉండి చదివాడు. ఆ పిల్లాడు ఏం తిన్నాడో, ఎలా చదివాడో నేను అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదొక బాధ.

3. డాక్టర్లు "ఇంకేం లేదు" అన్న మరుసటి రోజు నుంచి వేరేవాళ్లు వస్తారు. గడ్డ కరిగించే పొడి అంటారు, వేర్లు అంటారు, విదేశీ డ్రాప్స్ అంటారు. మేం కూడా ఇంటి గొలుసు తాకట్టు పెట్టి 1,80,000 ఇచ్చాం. చదువుకున్నదానివి, నీకు తెలియదా అని అడగొచ్చు. తెలుసు. అయినా ఇచ్చాను. పరిశోధన సమాధానం చెప్పలేని చోట ఇలాంటివాళ్లే వచ్చి కూర్చుంటారు, ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతోంది.

4. అన్ని మెదడు గడ్డలూ మా పాపకు వచ్చినలాంటివి కావు. ముందే తెలిసినా మా పాప విషయంలో పెద్ద తేడా ఉండేది కాదని డాక్టర్లు చెప్పారు, ఆ మాట నా మీద దయతో చెప్పారేమో అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ మెడుల్లోబ్లాస్టోమా అని ఇంకో గడ్డ ఉంది. పిల్లల్లో అది కూడా తరచూ వస్తుంది. విస్తరించకముందే పట్టుకుని సరైన వైద్యం చేస్తే నూటికి 70, 80 మంది బతుకుతారు. దానికీ మొదటి లక్షణాలు ఇవే: పొద్దున తలనొప్పి, వాంతి, తూలడం, చూపు రెండుగా కనిపించడం. అద్దాలతోనూ గ్యాస్ సిరప్పులతోనూ వారాలు గడిచిపోతే నష్టపోయేది బతకగలిగే ఆ బిడ్డలు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. గడ్డ దానానికి దారి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఒక్కో డాక్టర్‌ని ఇందుకు బాధ్యుడిగా నియమించండి. ఆ డాక్టర్ ఫోన్ నంబరు పిల్లల వార్డులో గోడ మీద ఉండాలి. తెలుగులో ఒకే పేజీ అంగీకార పత్రం ఉండాలి, ఇంటి పెద్దవాళ్లకు చదివి వినిపించగలిగే భాషలో. శరీరం కుటుంబానికి ఎప్పుడు తిరిగి అప్పగిస్తారో, ముఖం ఎలా ఉంటుందో అందులో రాయాలి. మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న అదే. నమూనాను మైనస్ 80 డిగ్రీల్లో దాచే ఫ్రీజర్, పంపే ఏర్పాటు కావాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాల బ్యాంకు ఉంది, ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో గడ్డల నమూనాల భాండాగారం ఉంది. వాటితో ఒప్పందం రాసుకోండి. ఆపరేషన్ చేసి తీసిన గడ్డల విషయంలోనూ అంతే. పరీక్ష అయిపోయాక మిగిలిన ముక్కను పరిశోధనకు ఇస్తారా అని తల్లిదండ్రులను అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమే అడగాల్సి వచ్చింది.

2. లెక్క. రెండు జిల్లాల్లో మెదడు గడ్డ అని తేలిన ప్రతి బిడ్డ వివరం, ప్రైవేటు స్కానింగ్ సెంటర్లతో సహా, పేరు బయటపెట్టకుండా ఒక చోట నమోదు కావాలి. మన దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీలను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1980ల మొదట్లోనే ప్రారంభించింది. ఆ పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

3. లక్షణాల కాగితం. బ్రిటన్‌లో 2011లో తల్లిదండ్రులకు, డాక్టర్లకు ఈ లక్షణాలు తెలిపే ప్రచారం మొదలుపెట్టారు. అక్కడ పిల్లల్లో లక్షణం కనిపించినప్పటి నుంచి గడ్డ అని తేలేదాకా పట్టే కాలం అంతకుముందు సుమారు 14 వారాలుండేది, తర్వాత 7 వారాల లోపుకి తగ్గింది. పెద్ద మిషన్లేమీ పెట్టలేదు, చెప్పవలసినవాళ్లకు చెప్పారు. మన దగ్గర ఆశా వర్కర్లున్నారు, ఏఎన్‌ఎంలున్నారు, స్కూళ్లకు వచ్చి పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లున్నారు. వాళ్లకు ఒక్క పూట శిక్షణ ఇవ్వండి. పల్లెల్లో మొదట చూసేది ఆర్‌ఎంపీలే కాబట్టి వాళ్లనూ పిలవండి. కళ్ల డాక్టర్లకు నా విన్నపం: పిల్లకి కొత్తగా మెల్ల వచ్చిందంటే అద్దాలు రాసే ముందు నడిపించి చూడండి, పొద్దున వాంతులవుతున్నాయా అని అడగండి. టీచర్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. రాత మారితే తిట్టే ముందు ఆలోచించండి. ఈ కాగితం తెలుగులో మేమే రాసిపెట్టాం, డాక్టర్లు సరిచూస్తే చాలు, అచ్చు ఖర్చు మాది.

4. కంపెనీల యాజమాన్యాలకు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం దాని పరిధిలోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్‌ఆర్‌కి ఖర్చు చెయ్యాలి. ఆ చట్టం ఏడో షెడ్యూల్‌ని 2019లో సవరించారు. వైద్య, శాస్త్ర పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థలకు ఇచ్చే డబ్బు కూడా సీఎస్‌ఆర్ కిందికే వస్తుంది. అణుశక్తి విభాగం, బయోటెక్నాలజీ విభాగం, ఐసీఎంఆర్ లాంటి వాటి కింద ఉన్న సంస్థలు అందులో ఉన్నాయి. టాటా మెమోరియల్ సెంటర్ అణుశక్తి విభాగం కిందిదే. కాబట్టి "రాదు" అని మాకు చెప్పిన మాట సరికాదు. స్థానికంగానే ఖర్చు పెట్టాలి కదా అని ఇంకొకరు అన్నారు. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమన్నారే కానీ అక్కడే ఖర్చు చెయ్యాలన్న నిర్బంధం లేదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖే వివరణ ఇచ్చింది. అయినా స్థానికం కావాలంటే పైన ఒకటో నంబరులో అడిగిన ఫ్రీజర్లు, ఆ డాక్టర్‌కి ఒక సహాయకుడి జీతం మీరు ఇవ్వండి. కృష్ణపట్నం చుట్టుపక్కల కంపెనీలు, చీమకుర్తి గ్రానైట్, రొయ్యల ఎగుమతిదారులు తలా ఒక చెయ్యి వేస్తే ఇది ఎవరికీ పెద్ద మొత్తం కాదు. రిబ్బన్ కత్తిరించే భవనం ఉండదు, నిజమే. ఫొటో కావాలంటే మా హుండీతో తీసుకోండి, మేం నిలబడతాం.

5. జిల్లా ఆస్పత్రుల్ని, దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని పెద్ద ఆస్పత్రులతో కలపండి. దేశంలో ఎక్కడ ఏ కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోందో, మన పిల్లలు చేరొచ్చో లేదో, నెల్లూరులో కూర్చుని అడిగి తెలుసుకునే వీలుండాలి. మేం అది తెలుసుకోవడానికి మూడు రైళ్లు మారాం.

పరిశోధన పెద్ద దేశాల పని, మనకెందుకు అని ఒకరిద్దరు పెద్దమనుషులు నాతో అన్నారు. వాళ్లకు రెండు సంగతులు చెప్పాను, ఇక్కడా చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములను కొద్ది రోజుల తేడాలో పోగొట్టుకున్నారు. అమెరికా వెళ్లి, ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ మీద తన బృందంతో పనిచేశారు. ఆ పనిలోంచే అమినోప్టెరిన్ వచ్చింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితం ప్రకటించారు. అప్పటిదాకా ఆ పిల్లలకు వారాలు, నెలలే గడువు. అదే ఏడాది రేడియోలో ఒక క్యాన్సర్ పిల్లాడి మాటలు విని జనం చిల్లర డబ్బులు పోగేసి పంపారు, జిమ్మీ ఫండ్ అలా పుట్టింది. ఈరోజు పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం బ్లడ్ క్యాన్సర్‌లో, మంచి వైద్యం దొరికితే, నూటికి 80 మందికి పైగా నయమవుతోంది. ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఒక తెలుగువాడి పట్టుదల, ముక్కూ మొహం తెలియని జనం వేసిన చిల్లర, రెండూ అందులో ఉన్నాయి.

రెండో సంగతి ఈ మధ్యది. బ్లడ్ క్యాన్సర్‌కి కార్-టీ అనే వైద్యాన్ని, అంటే రోగి రక్తకణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే పద్ధతిని, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి ఇక్కడే తయారు చేశాయి. 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. విదేశాల్లో అయ్యే ఖర్చులో సుమారు పదో వంతుకే ఇస్తున్నారు. అది కూడా మాలాంటివాళ్లకు భారమే, కాని ఇక్కడ పరిశోధన జరిగింది కాబట్టే ఆ మాత్రమైనా తగ్గింది. మెదడు గడ్డలకు రేపు మందొస్తే, అది ఎక్కడ తయారైందన్న దాన్ని బట్టే కోవూరు పిల్లకు అందుతుందా లేదా అన్నది తేలుతుంది.

డాక్టర్లకు విడిగా ఒక మాట. చెన్నైలో మాకు జబ్బు సంగతి చెప్పిన డాక్టరమ్మ తన కుర్చీ లాక్కుని మా పక్కకు వచ్చి కూర్చుని చెప్పారు. ఆవిడ చెయ్యి మా ఆయన భుజం మీద ఉంది. అలా చెప్పగలిగినవాళ్లు మీలో ఎంతోమంది ఉన్నారు. ఆ మాటకు చివర్న ఇంకొక్క వాక్యం కలపండి: "దీని మీద పరిశోధన జరుగుతోంది, మీకు ఇష్టమైతే మీరూ అందులో భాగం కావచ్చు" అని. బిడ్డ చెయ్యి దాటిపోతున్నప్పుడు తల్లికి చెయ్యడానికి ఒక పని దొరకడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు.

ఈ లేఖ ప్రతులు స్పీడ్ పోస్టులో అందరికీ పంపుతున్నాం. వచ్చే జూన్ 8లోపు, చేస్తామనో, చెయ్యలేమనో, ఎందుకు చెయ్యలేమో, కాగితం మీద జవాబివ్వండి. "పరిష్కరించబడింది" అన్న మెసేజ్ మాత్రం పంపొద్దని చేతులెత్తి అడుగుతున్నాం.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు స్వర్ణాల చెరువు గట్టు దగ్గర కలుసుకుంటాం. ఒంగోలు, కావలి, పొదిలి కుటుంబాలు కూడా వస్తున్నాయి. వచ్చిన జవాబులు చదివి వినిపిస్తాం, రానివాళ్ల పేరు దగ్గర ఖాళీ గీత గీస్తాం. లెక్కల పుస్తకం బల్ల మీద ఉంటుంది. పాప కాపీ రైటింగ్ పుస్తకం కూడా తెస్తాను, గీత దాటిన అక్షరం ఎలా ఉంటుందో టీచర్లు, తల్లులు చూసి వెళ్లొచ్చు.

ఇట్లు,
పాప అమ్మ, నాన్న, నాయనమ్మ, అన్నయ్య
కోవూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా